గుమ్మడికొండ మలుపు

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఉమ్ జాసిం మోకాళ్ళకి నువ్వులనూనె రాయడం సత్యదుర్గ పని. బహ్రెయిన్‌లో, ఈసా టౌన్‌లోని ఆ ఇంట్లో వంట ఆలస్యమైనా, ఇస్త్రీ మిగిలిపోయినా ఎవరూ పట్టించుకోరు గానీ, ఈ ఒక్కటి వేళ తప్పితే మాత్రం ముసలావిడ ఇల్లు పీకి పందిరేస్తుంది. పెరట్లో బట్టలారేసే తాడు పక్కన, గోడ నీడలో చాప పరిచి, ఫ్లాస్కు నిండా పాల చాయ్ పెట్టుకుని, దుర్గ గౌను చేతులు పైకి మడిచి కూర్చునేది. గోడ అవతలి రోడ్డు మీద ఇండియన్ స్కూలు బస్సులు పోతుండేవి. ఉమ్ జాసిం కళ్ళు మూసుకుని మూలుగుతూ, మధ్యమధ్యలో దుర్గ చేతిలో బలం తగ్గిందని దెప్పుతూ ఉండేది.

వాళ్ళిద్దరూ మాట్లాడుకునే భాషకి పేరు లేదు. సగం అరబ్బీ, పావు వంతు హిందీ, మిగతాదంతా చేతులు తిప్పడం. మనం తెలుగులోనే చెప్పుకుందాం. ముసలావిడని ఆ ఇంట్లో పిల్లలూ పెద్దలూ అందరూ 'యుమ్మా' అంటారు, అంటే అమ్మా అని. దుర్గ కూడా అలాగే పిలిచేది. ఆ పిలుపు దుర్గకి పరాయిదిగా ఎప్పుడూ అనిపించలేదు.

తొంభై ఆరో ఏడు అనుకుంటాను, ఆ ఇంటికి చైనా పిచ్చి పట్టింది. యుమ్మా కొడుకు జాసింకి సల్మాబాద్‌లో మట్టి తోడే యంత్రాల విడిభాగాల దుకాణం ఉంది. సరుకు చైనాలో ల్యూజౌ అనే ఊరినించి వస్తుంది. చైనా చూసొచ్చామని గొప్పలు పోయేవాళ్ళు కూడా పేరు విని ఉండని ఊరది. ఏటేటా సరుకుతోపాటు ఒక క్యాలెండరు వచ్చేది. అందులో ఒక నది ఊరిని చుట్టి పారుతూ ఉంటుంది. ఇళ్ళ మధ్య, వీధుల మధ్య, ఎవరో పిలిస్తే వచ్చి నిలబడ్డట్టు పచ్చటి కొండలుంటాయి. ఆ ఏడు ఫ్యాక్టరీవాళ్ళు జాసింని ఒక వారం వచ్చి వెళ్ళమన్నారు. హాంకాంగ్ దాకా ఒక విమానం, అక్కణ్ణించి ఇంకొకటి, ఆపైన రైలు.

"నేనూ వస్తా" అంది యుమ్మా.

ఇంట్లో అందరూ అన్నం పళ్ళెం మీంచి తలెత్తారు.

"గలాలీలో సముద్రం ఒడ్డున పుట్టాను. సముద్రం చూసి చూసి కళ్ళు ఉప్పెక్కిపోయాయి. కొండ అనేది ఒకటుందట. చూడకుండా పోతే పైన అడుగుతారు. ఏం చెప్పను?"

"జబల్ దుఖాన్ చూపించాను కదా యుమ్మా" అన్నాడు జాసిం. దేశం మొత్తానికి ఉన్న కొండ అదొక్కటే. కారు ఆపి, ఇదే కొండ అని అతను చూపించినప్పుడు ఆవిడ చుట్టూ చూసి "ఎక్కడ?" అని అడిగింది. అప్పటికి వాళ్ళు దాని మీదే నిలబడి ఉన్నారు. ఆ సంగతి మళ్ళీ ఎత్తేసరికి ఆవిడ కొడుకు కేసి చూసిన చూపుకి అతను మళ్ళీ అన్నంలో చెయ్యి పెట్టాడు. దుర్గ తోడొస్తేనే వెళ్తానని యుమ్మా, సరేనని జాసిం.

ఆ సాయంత్రం జాసిం వంటింటి గుమ్మం దగ్గర నిలబడి దుర్గతో అన్నాడు. "చైనానించి రాగానే నీకు ఛుట్టీ. రెండు నెలలు ఊరెళ్ళి రా. ఈసారి మాట తప్పను."

ఛుట్టీ అనే మాట దుర్గ చాలాసార్లే విన్నది. ఒక ఏడు యుమ్మా మోకాలి ఆపరేషను అడ్డొచ్చింది, ఒక ఏడు మనవరాలి పెళ్ళి అడ్డొచ్చింది, ఒక ఏడు ఏ కారణమూ లేకుండానే వాయిదా పడింది. ఎనభై ఆరు వరదలో గోదావరిలో కొట్టుకుపోయిన ఇంటిని మెరక మీద మళ్ళీ కట్టుకోవాలని ఈ దేశం వచ్చింది దుర్గ. ఇల్లు లేచి, సున్నం కొట్టి, ఆ సున్నం మాసి కూడా చాన్నాళ్ళయింది. ఇల్లే కాదు, దేవీపట్నం అవతల లాంచి నడిపే రాజేంద్ర కూడా ఎదురుచూస్తున్నాడు. వరసకి బావ. అతని తల్లి నరసాయమ్మ వేరే సంబంధం చూసిపెట్టి, "కార్తీకం దాకా ఆగుతాను. ఆ తరవాత నీ మాట నేను వినను, నా మాట నువ్వు విను" అని కొడుక్కి తేల్చి చెప్పేసింది. అప్పటికి దసరా దగ్గర పడింది. యుమ్మా చైనా వెళ్తే దుర్గ కార్తీకానికి గోదావరి ఒడ్డున ఉంటుంది. యుమ్మా వెళ్ళకపోతే, కొడుకు లేని ఇంట్లో ఆవిడ్ని చూసుకోవాలి, ఆపైన టీచరైన కోడలికి బళ్ళో పరీక్షలు, ఆపైన రంజాన్. ఇక ఛుట్టీ సంగతి దేవుడెరుగు.

చిక్కల్లా ఏమిటంటే యుమ్మాకి నిలకడ లేదు. పొద్దున రబ్బరు బూట్లు కొనుక్కురమ్మని డ్రైవరుని మనామా బజారుకి పంపుతుంది. సాయంత్రానికి "కాలు జారి పడితే ఆ చీనావాళ్ళు ఎత్తుతారా? నే రాను, ఖలాస్" అంటుంది. ఒకసారి పెట్టెలో నమాజు చాప, ఖర్జూరాలు, ఎండుచేపలు సర్దుతుంది. ఇంకోసారి అన్నీ బయటికి తీయిస్తుంది. దుర్గ గుండె ఆ పెట్టెతోపాటే మూసుకుని తెరుచుకునేది.

అందుకని నూనె రాసేటప్పుడు ఆవిడకి కొండ మీద ఆశ పెంచడం మొదలుపెట్టింది. చైనా కొండలు దుర్గకేం తెలుసు? క్యాలెండరులో చూసినవే. కొండంటే కొండే కదా అనుకుని, తను పుట్టినప్పటినించీ ఇంటి వెనక చూసిన గుమ్మడికొండనే ల్యూజౌలో పెట్టి చెప్పసాగింది.

"ముందు కిందన ఒక పెద్ద బండ ఉంటుంది యుమ్మా. నున్నగా ఉంటుంది. దాని మీద ఇప్పపూలు ఎండేస్తారు. మధ్యాన్నం పూట వెళ్ళి కూర్చుంటే ఒంటికి తేనె వాసన అంటుకుంటుంది."

యుమ్మా కళ్ళు తెరిచి వినేది. అలా వినేవాళ్ళు దుర్గకి అంతకుముందు ఎవరూ దొరకలేదు. నోరు కొంచెం తెరిచి, చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, తరవాతేంటి అన్నట్టు చూస్తూ వినేది.

మర్నాడు పొద్దున బట్టలారేసే తాడు కింద ఆ బండ ఉంది.

జాసిం భార్య మరియం బడికి వెళ్తూ చూసి, "క్లిప్పుల బుట్ట పెట్టుకోడానికి వీలుగా ఉంది" అంది. యుమ్మా చాప తీయించేసి బండ మీదే కూర్చుంది. ఆ తరవాత దుర్గ రాళ్ళదారి గురించి చెప్పింది, రాళ్ళదారి వచ్చింది. చింతచెట్ల గురించి చెప్పింది, ఆ పైన ఊట గురించి చెప్పింది, అవీ వచ్చాయి. జాసిం కారు వీధిలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. మున్సిపాలిటీ మనిషొకడు వచ్చి, మేడ మీద మేడ వేస్తే అనుమతి కావాలి గానీ దీనికి అక్కర్లేదని చాయ్ తాగి వెళ్ళాడు. స్కూలు బస్సుల్లో పిల్లలు కిటికీల వైపు ఎగబడి చింతకాయలు లెక్కపెట్టుకునేవారు.

ఆ ఇంటి డ్రైవరు నర్సింగ్‌ది జగిత్యాల పక్కన ఏదో పల్లె. బహ్రెయిన్‌లో ఎన్నేళ్ళున్నా అతనికది దుబాయే. నీళ్ళ గొట్టం పట్టుకుని కొండ చుట్టూ తిరిగి చూశాడు.

"ఏం గుట్టనే చెల్లె ఇది! మా దిక్కు గుట్టలైతె గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటయ్. ఇది మెత్తగున్నది. చీనా గుట్టలు గిట్లనే ఉంటయా?"

"ఇలాగే ఉంటాయంట నర్సింగన్నా" అంది దుర్గ, కళ్ళు తిప్పుకుని.

యుమ్మా రబ్బరు బూట్లు వేసుకుని, రోజూ కొంచెం కొంచెం పైకెక్కడం అలవాటు చేసుకుంది. చైనాలో పరువు పోకూడదట. మొదట బండ దాకా, తరవాత మొదటి చింతచెట్టు దాకా, ఇంకొన్నాళ్ళకి ఊట దాకా వెళ్ళింది. ఊట నీళ్ళు దోసిట్లో పట్టి తాగి, "తియ్యగా ఉన్నాయే!" అని కింద ఉన్నవాళ్ళకి వినబడేలా అరిచింది. మోకాళ్ళ మూలుగు తగ్గింది. పాస్‌పోర్టులు జాసిం ఇనప అల్మారాలోంచి బయటికొచ్చి, చైనా వీసా ముద్ర వేయించుకుని తిరిగొచ్చాయి. ఇంక యుమ్మా 'సరే' అంటే టిక్కెట్లు కొనడమే తరువాయి.

ఆ శుక్రవారం దుర్గ కోల్డ్ స్టోర్ అనే చిల్లర కొట్టు పక్కనున్న ఫోను డబ్బాలో కార్డు పెట్టి దేవీపట్నంలో ఎస్టీడీ బూతుకి ఫోను చేసింది. శుక్రవారమని రాజేంద్ర ముందే వచ్చి కూర్చున్నాడు.

"ఎప్పుడొత్తన్నావే?"

"చైనా ఎల్లొచ్చాక బావా. వారమే. ఇంక ఖాయమే అనుకో."

"చైనా ఏంటే తల్లీ, మావోళ్ళు రాజమండ్రి ఎల్లడానికే వర్జ్యం చూత్తారు."

దుర్గకి నవ్వొచ్చింది. చాలా రోజులకి నవ్వింది. "ఊళ్ళో ఏంటి కబుర్లు?"

"ఏమున్నాయ్. గుమ్మడికొండ తరిగిపోతంది."

"తరిగిపోడమేంటి?"

"అదే మరి. ముందు ఇప్పపూల బండ ఎల్లిపోయింది. మావోళ్ళు టార్పాలిను మీద ఎండేసుకుంటన్నారు. ఆనక చింతచెట్లు ఎల్లాయి. మొన్న ఊట. కొండ తల మట్టుకు ఉంది గానీ బాగా కిందకి దిగిపోయింది. పొద్దున్నే ఎండ తిన్నగా ఇంట్లోకొచ్చేత్తందని అమ్మ కిటికీకి గోనె కట్టింది."

దుర్గ ఫోనుని చెవికి నొక్కి పట్టుకుంది. "మరి మలుపు దగ్గర?"

ఆ మలుపు సంగతి గోదావరి మీద లాంచీలు నడిపే సరంగులందరికీ తెలుసు. నీళ్ళ కింద రాతిగట్టు, దాని పక్కన సుడి. ఎగువకి పోయే లాంచి ముక్కుని కొండ తలకి సూటిగా పెట్టి నడిపి, ఒడ్డు చెట్ల పైనించి తల పూర్తిగా కనబడగానే చక్రం ఎడంచేతికి తిప్పాలి. తాతల నాటినించీ అదే గుర్తు.

"అదే భయం" అన్నాడు రాజేంద్ర. "తల ఇంకా కొంచెం కనబడతంది కాబట్టి నెట్టుకొత్తన్నాను. అదీ పోతే, ఇంక ఎక్కడ తిప్పాలో ఏటో."

కార్డు అయిపోయి ఫోను కట్టయింది. దుర్గ డబ్బాలోంచి బయటికొచ్చి, ఎండలో తల మీద చున్నీ కూడా వేసుకోకుండా ఇంటికి నడిచింది. చింతచెట్ల కొమ్మలు గోడ దాటి రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. ఇన్నాళ్ళూ వాటిని చూస్తే ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు తలెత్తి చూడలేకపోయింది.

యుమ్మా అప్పటికే బండ మీద కూర్చుని కాళ్ళు చాపి ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"ఇవాళ తల చెప్పు" అంది. "ఊట దాకా ఎక్కాను. ఆ పైన ఏమీ లేదు, గుండు కొట్టించినట్టుంది. తల చూడకుండా కొండ చూసినట్టా? నువ్వు చెప్పు, రేపు పొద్దున అదీ ఎక్కేస్తా. దిగి వచ్చి జాసింతో టిక్కెట్లు కొనమంటా. వల్లాహి, దేవుడి మీద ఒట్టు, ఇంక మాట మార్చను."

దుర్గ గిన్నెలో నూనె తీసుకుంది. తల గురించి చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? గుమ్మడికాయ తొడిమలాగా నిటారుగా ఉంటుంది, పక్కన కొండదేవత రాయి ఉంటుంది, అంతే. నాలుగు మాటలు చెప్తే చైనా, చైనా నించి వస్తే ఛుట్టీ, ఛుట్టీ వస్తే కార్తీకం. నోరు తెరిచింది. చక్రం మీద రాజేంద్ర చేతులు కళ్ళకి కట్టాయి, ఎటు తిప్పాలో తెలియక ఆగిపోయిన చేతులు. నోరు మూసుకుంది. నూనె గిన్నె పక్కన పెట్టి, యుమ్మా మోకాళ్ళ మీద తల పెట్టుకుని బావురుమంది.

"చైనాది కాదు యుమ్మా. ఇది మాది. మా ఇంటి వెనకాలది."

"తెలుసు" అంది యుమ్మా.

దుర్గ తలెత్తింది.

"చీనా కొండ గురించి చెప్పేటప్పుడు నీకు గొంతు ఎందుకు పట్టేస్తుంది? నాకు మోకాళ్ళే పోయాయి, చెవులు పోలేదు. ఎవరిదైతేనేం, కొండ కదా అని ఊరుకున్నా. దానికి ఏడుపెందుకు?"

దుర్గ మలుపు గురించి చెప్పింది. సుడి గురించి, కొండ తల గురించి, లాంచీలో పిల్లా పాపలతో కూర్చునే జనం గురించి, రాజేంద్ర గురించి కూడా చెప్పేసింది. యుమ్మా ఎప్పటిలాగా నోరు తెరుచుకుని వినలేదు. చివరికొచ్చేసరికి ఆవిడ బండ మీంచి లేచి నిలబడింది.

"గలాలీలో మాకూ ఒక చెట్టుండేది" అంది. "ఖర్జూరం చెట్టు. మా ఆయన ముత్యాలకి వెళ్ళే పడవ ఆ చెట్టుని చూసే ఒడ్డుకొచ్చేది. ఆ చెట్టు మసీదు మూలని కప్పేదాకా ఆగి, అప్పుడు తిప్పేవాళ్ళు. ఒక ఏడు ఎవడో గోడ అడ్డమని దాన్ని కొట్టేశాడు. పాపం, వాడికి తెలీదు. ఆ ఏడు పడవ రాళ్ళకి కొట్టుకుంది. మా ఆయన ఈదుకుంటూ వచ్చాడు. ఆయన తమ్ముడు రాలేదు."

అని, ఇంట్లోకి తిరిగి కేకేసింది. "జాసిం! యల్లా, ఆ అల్మారా తియ్యి. దీని పాస్‌పోర్టు దీనికిచ్చెయ్యి. ఏ విమానం ముందుంటే దానికి పంపించు. ఊరికి."

జాసిం చెప్పులేసుకోకుండా బయటికొచ్చాడు. "మరి చైనా? వీసా కూడా వేయించాం కదా యుమ్మా!"

"నువ్వెళ్ళు. నేను చూడాల్సిన కొండ చూశాను. దాని సొంతవాళ్ళు అడుగుతున్నారు, ఇచ్చేయాలి."

"నీకు నూనె ఎవరు రాస్తారు?" అన్నాడు జాసిం.

"కొండెక్కినదాన్ని. నా కాళ్ళు నేను రుద్దుకోలేనా?"

"కొండనెలా తీసుకెళ్ళను యుమ్మా?" అంది దుర్గ.

"నీ వెనకాలే వచ్చింది. నీ వెనకాలే వస్తుంది."

బయల్దేరే రోజు సాయంత్రం యుమ్మా దుర్గని బండ మీద కూర్చోబెట్టి, తను వెనక కూర్చుంది. ఆ రోజు నూనె దుర్గ తలకి రాసింది. రాస్తూ ఆ ఖర్జూరం గురించి చెప్పింది. అది సముద్రం గాలికి ఎడమవైపుకి ఒరిగి ఉంటుందని, పిడుగు పడి మొదలు ఒకవైపు నల్లగా మాడిందని, అయినా కాయలు ఎర్రగా కాసేదని, పెళ్ళయిన కొత్తలో ఆ చెట్టు కింద నిలబడి పడవ కోసం చూసేదాన్నని చెప్పింది. ఆవిడ అన్నీ తన పాతికేళ్ళ గొంతుతో చెప్తున్నట్టుంది. దుర్గ కళ్ళు మూసుకోలేదు, మధ్యలో ఒక్క మాట అడగలేదు. పెళ్ళయ్యాక ఇటు రావడం ఉండదని, ఈ మనిషిని మళ్ళీ చూడనని దుర్గకి తెలుసు. వెళ్ళిపోతున్నందుకు సంతోషంగా ఉంది. ఆ సంతోషానికి సిగ్గుగా కూడా ఉంది.

ఎయిర్‌పోర్టు దగ్గర నర్సింగ్ సామాను దింపి, తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. "పొయ్యిరా చెల్లె. నన్ను ఈడ అందరడుగుతరు, మీ ఊరి ముచ్చట చెప్పు నర్సింగ్ భాయ్ అని. మా గుట్టల సంగతి నేనెవ్వలికి జెప్పలె. జెప్తె దుబాయికొచ్చి కూసుంటయ్, మా పోచవ్వ మేకల్ని యాడ మేపాలె?"

బొంబాయిలో రైలు టిక్కెట్టు దొరక్క దారిలోనే పది రోజులు పోయి, కార్తీకం సగంలో ఉండగా దుర్గ రాజమండ్రిలో దిగి, మర్నాడు రాజేంద్ర లాంచీ ఎక్కింది. సరంగు గదిలో అతని వెనక పెట్టె మీద కూర్చుంది. ముందురోజు రాజమండ్రినించి ఆవిడ ఈసా టౌన్‌కి ఫోను చేస్తే నర్సింగ్ ఎత్తాడు. కొండ రోజుకింత పోతోందనీ, ఒక్క బండ మాత్రం యుమ్మా లేవకపోవడంతో కదల్లేదనీ చెప్పాడు. జాసిం చైనానించి వచ్చి, ల్యూజౌ కొండలెలా ఉన్నాయో చెప్పబోతే యుమ్మా అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టిందట. "చెప్పకు. వాటిని చూసుకుని ఎవరు దారి పడతారో ఏమో. అక్కడే ఉండనీ" అందట.

మలుపు దగ్గరకొచ్చేసరికి మంచు కమ్మింది. ఒడ్డు లేదు, చెట్లు లేవు, కొండ ఎంతవరకు తిరిగొచ్చిందో చూద్దామన్నా ఏమీ కనబడలేదు. కింద జనం వేరుశనక్కాయలు వొలుచుకుంటూ కబుర్లాడుకుంటున్నారు. రాజేంద్ర ఇంజను తగ్గించాడు. ఎక్కడో దగ్గర్లో సుడి చప్పుడు వినబడుతోంది. చక్రం మీద అతని చేతులు ఆగిపోయాయి. దుర్గ ఈసా టౌన్‌లో కళ్ళ ముందు చూసిన చేతులవే.

అప్పుడు మంచు పైన, చాలా ఎత్తున, ఒక్క చెట్టు కనబడింది.

"అదేం చెట్టే?" అన్నాడు రాజేంద్ర. "తాడి కాదు. ఈతా కాదు."

అది ఎడమవైపుకి ఒరిగి ఉంది. మొదలు ఒకవైపు నల్లగా ఉంది. ఎర్రటి గెలలు వేలాడుతున్నాయి. దుర్గకి కళ్ళు మసకబారాయి, తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఖర్జూరం."

"ఎవరిదే?"

"మా యుమ్మాది. దానికి సూటిగా పోనీ బావా. అది కొండ తలని కప్పేదాకా ఆగు."

మంచులోంచి గుమ్మడి తొడిమలాంటి తల నల్లగా తేలింది. చెట్టు మెల్లగా పక్కకి జరుగుతూ, జరుగుతూ, దాన్ని పూర్తిగా కప్పింది.

"ఇప్పుడు" అంది దుర్గ.

రాజేంద్ర చక్రం ఎడంచేతికి తిప్పాడు. సుడి చప్పుడు కుడిపక్కనించి వెనక్కిపోయింది. లాంచి నిమ్మళమైన నీళ్ళలోకి వచ్చింది. కిందనించి ఎవరో, ఇంకా ఎంతసేపయ్యా, పిల్లాడు ఆకలంటున్నాడు, అని కేకేశారు.

ఆ మలుపుని ఇప్పుడెవరూ గుమ్మడికొండ మలుపు అనరు. గోదావరి మీద కొత్తగా చక్రం పట్టినవాడికి పాత సరంగులు ముందు ఆ ఖర్జూరాన్ని చూపించి, దీన్ని యుమ్మా మలుపు అంటారని చెప్తారు.